సలుపు వేరు... పోటు వేరు

‘‘నొప్పి ఎక్కడమ్మా?’’ అన్నాడు కుర్ర డాక్టరు.

అమ్మ చీర చెంగు సర్దుకుని మొదలుపెట్టింది. ‘‘మోకాలు సలుపు బాబూ. రాత్రిళ్లు పిక్కలు పీకేస్తాయి. వంగితే నడుములో పోటు. చల్లనీళ్లు తగిలితే పన్ను జివ్వుమంటుంది. అరికాళ్లు మంటలు. ఈ రెండు వేళ్లూ తిమ్మిరి, ఒక్కోసారి చీమలు పాకినట్టు చిమచిమ...’’

ఆయన ఓపిగ్గానే విన్నాడు. విని, చీటీ మీద ‘పెయిన్’ అని ఒక్క మాట రాశాడు. తిరుగుదారిలో ఆటో ఎక్కాక అమ్మ ఊరుకోలేదు. ‘‘అన్ని చెబితే ఒక్కటే రాసుకున్నాడేంట్రా?’’

అప్పటికి నవ్వేశాను. ఆ తర్వాత స్పర్శ మీద జరిగిన పరిశోధనల గురించి చదువుతున్నకొద్దీ అమ్మదే పైచేయి అవుతూ వచ్చింది. సలుపు, పోటు, మంట, తిమ్మిరి, దురద, గిలిగింత... ఇవన్నీ ఒకే బాధకు పెట్టిన ముద్దుపేర్లు కావు. వీటిలో చాలావాటికి ఒంట్లో విడివిడిగా పరికరాలున్నాయి. వాటి నుంచి మెదడు దాకా విడివిడిగా తీగలున్నాయి. ఆ తీగల్లో కబురు నడిచే వేగం కూడా ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. బడిలో పంచేంద్రియాల పాఠం గుర్తుందా? కంటికి పేజీ నిండా బొమ్మ, చెవికి ఇంకో బొమ్మ. చర్మం దగ్గరకొచ్చేసరికి ‘స్పర్శజ్ఞానాన్ని ఇస్తుంది’ అని ఒక్క వాక్యం. పెద్దవాళ్ల చర్మాన్ని పరిచి కొలిస్తే ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లు వస్తుంది. దానికి ఒక్క వాక్యమా!

చీర అంచు పట్టుకున్న వేళ్లు

పెళ్లి బట్టలు కొనేటప్పుడు మా పిన్నిని చూడాలి. రంగు చూడదు, ధర అడగదు. అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రెండుసార్లు అటూఇటూ రాస్తుంది. ‘‘ఇందులో పట్టు తక్కువ బాబూ, ఇంకోటి తియ్యి’’ అంటుంది. కొట్టువాడు మారు మాట్లాడకుండా ఇంకో కట్ట విప్పుతాడు.

ఆ రెండు రాపిడుల్లో పిన్ని వేలికొనలో నాలుగు రకాల గ్రాహకాలు పనిచేశాయి. పైపొర అడుగున ఉండేవి మెర్కెల్ కణాలు. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మెర్కెల్ 1875లో వీటిని వర్ణించాడు. వేలు ఆనించి ఉంచినంతసేపూ ఇవి కబురు పంపుతూనే ఉంటాయి. అంచు, మూల, గాడి, గింజ లాంటి ఆకారాల లెక్క వీటిది. బ్రెయిలీ చదివే వేళ్లకు పెద్ద ఆధారం ఇవే. వేలికొన విడదీయగలిగిన దూరం సుమారు రెండు మిల్లీమీటర్లయితే, బ్రెయిలీలో పక్కపక్క చుక్కల ఎడం ఇంచుమించు రెండున్నర. ఆ లిపి మన వేలి శక్తికి దాదాపు చివరి మెట్టు మీద కూర్చుని ఉందన్నమాట.

వేలిముద్రల గీతల కింద ఉండేవి మైస్నర్ గుళికలు. కదలిక వీటికి ప్రాణం. చెమ్మ పట్టిన స్టీలు గ్లాసు చేతిలోంచి జారబోతుంటే మీరు చూసేలోపే వేళ్లు బిగుసుకుంటాయి కదా, ఆ జారుడును పసిగట్టి చెప్పేది ఇవే. గ్లాసు కదలడానికీ పట్టు బిగియడానికీ మధ్య సెకనులో పదోవంతు కూడా పట్టదు. ఇంకా లోతున రుఫినీ గ్రాహకాలుంటాయి, చర్మం సాగినప్పుడు ఎంత సాగిందో, ఎటు సాగిందో చెప్పడానికి.

నాలుగోవాడి కథ కాస్త చెప్పుకోవాలి. 1831లో ఇటలీలోని పిస్తోయా ఊళ్లో ఫిలిప్పో పచీని అనే 19 ఏళ్ల వైద్య విద్యార్థి శవపరీక్ష గదిలో ఒక అరచేతిని కోసి చూస్తున్నాడు. నరాల పక్కన గింజల్లాంటివి కనిపించాయి. సూక్ష్మదర్శిని అక్కర్లేదు, మామూలు కంటికే ఆనాయి. పొడవు మిల్లీమీటరు అటూఇటూ. కోస్తే లోపల ఉల్లిపాయలా పొర మీద పొర. అప్పటికి వందేళ్ల నుంచీ ఎన్ని వేల చేతులు కోసుంటారో! చూసినవాళ్లు కూడా వాటిని పెద్దగా పట్టించుకోలేదు. పచీని 1840లో పుస్తకం అచ్చేయించాక గానీ ఆ గింజలకు ఆయన పేరు స్థిరపడలేదు. ఇదే మనిషి 1854లో ఫ్లారెన్స్‌లో కలరా సూక్ష్మజీవిని కూడా చూశాడు. లోకం ఆ ఘనతను ముప్పై ఏళ్ల తర్వాత రాబర్ట్ కోక్‌కు ఇచ్చింది. కళ్లెదుట ఉన్నదాన్ని చూడటంలో పచీనిది అందెవేసిన చెయ్యి. పేరు సంపాదించుకోవడంలో మాత్రం కాదు.

ఈ ఉల్లిగింజలు ముఖ్యంగా వణుకుడుకు స్పందిస్తాయి. సెకనుకు 250 సార్ల చుట్టుపక్కల కంపనం ఉంటే మరీ హుషారు. జేబులో ఫోను వణికినా, వీధిలో లారీ వెళ్తుంటే నేల అదిరినా తెలిసేది వీటివల్లే. పిన్ని చీర అంచు మీద వేలిని జరిపింది కూడా ఇందుకే. వేలు కదిలితేనే నేత గరుకుతనం కంపనంగా మారుతుంది. కావాలంటే కళ్లు మూసుకుని చీర మీద వేలు ఊరికే ఆనించి చూడండి. నూలో, పట్టో చెప్పడం కష్టం. ఒక్క అంగుళం జరపండి, చెప్పేస్తారు. 2013లో స్వీడన్‌లోని స్టాక్‌హోం పరిశోధకులు మనిషి వేలు ఎంత సన్నని ముడతను పసిగట్టగలదో కొలిచారు. 13 నానోమీటర్లు అని తేలింది. తలవెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లుంటుంది. అదీ లెక్క.

ఒక్క చేతిలోనే ఇలాంటి స్పర్శనాడులు 17 వేల దాకా ఉంటాయని స్వీడన్‌కే చెందిన యోహాన్సన్, వాల్‌బో 1979లో అంచనా కట్టారు. ఈ వాల్‌బో అంతకు ముందే, 1960ల్లో, ఉప్సాలా నగరంలో తన సహచరుడు హాగ్‌బార్త్‌తో కలిసి నరంలోకి సూది లాంటి తీగ గుచ్చి అందులో నడిచే కబురును వినే పద్ధతి కనిపెట్టాడు. ఎవరి నరంలోకి అనుకున్నారు? ముందు తమ నరాల్లోకే.

మెట్టెలు ఎందుకు గుర్తుండవు?

కొత్త పెళ్లికూతురికి మెట్టెలు తొడిగిన రోజు ధ్యాసంతా కాలివేళ్ల మీదే. వారం తిరిగేసరికి అవి ఉన్న సంగతే మరిచిపోతుంది. మా బాబాయి కళ్లజోడు నెత్తి మీదకు తోసుకుని ఇల్లంతా వెతికిస్తాడు. మతిమరుపని తిట్టుకుంటాం గానీ, తప్పు పూర్తిగా ఆయనది కాదు. మైస్నర్, పచీని గ్రాహకాలు మార్పు వచ్చినప్పుడే మాట్లాడతాయి. తాకగానే ఒక కేక, వదలగానే ఇంకో కేక. మధ్యలో మౌనం. మిగతావి చెబుతూనే ఉంటాయి గానీ మెదడు వినడం మానేస్తుంది. లేకపోతే చొక్కా ప్రతి పోగూ, వాచీ పట్టీ, కూర్చున్న కుర్చీ అన్నీ ఏకధాటిగా మాట్లాడుతుంటే ఎవరం పని చేసుకోగలం?

కబురు ఎలా నడుస్తుందన్నది 1926లో కేంబ్రిడ్జిలో ఎడ్గర్ ఏడ్రియన్ తేల్చాడు. ఒక్కో నాడీతంతువులో పోయే విద్యుత్ కొట్టుడులన్నీ ఒకే కొలతలో ఉంటాయి. గట్టిగా నొక్కితే పెద్ద కొట్టుడు పుట్టదు, కొట్టుడుల సంఖ్య పెరుగుతుంది. ఈ పనికి ఆయనకు 1932లో నోబెల్ వచ్చింది. మరి అన్ని తీగల్లోనూ ఒకే రకం టక్‌టక్‌లే పోతుంటే ఇది దురద, ఇది చలి అని మెదడుకెలా తెలుస్తుంది? ఏ తీగ మోగిందన్నదే దానికి గుర్తు. మూసిన కంటిని మెల్లగా వేలితో అదిమితే వెలుగు మచ్చ కనపడుతుంది. వేలిలో వెలుతురేం లేదు. మోగింది కంటి తీగ కాబట్టి మెదడు దాన్ని వెలుగనే రాసుకుంది.

వారఫలాలు రాసిన శాస్త్రవేత్త

ఇంత తెలిసినా అసలు ప్రశ్న ఒకటి చాలాకాలం మిగిలిపోయింది. నొక్కడం అనేది ఒట్టి బలం. అది విద్యుత్తుగా ఎక్కడ మారుతోంది? నాడి కొసన ఏదో తలుపు తెరుచుకుంటోందని అందరికీ తెలుసు. ఆ తలుపు ఏ ప్రొటీనో ఎవరికీ తెలియదు.

ఆర్డెమ్ పటపూటియన్ బీరూట్‌లో పుట్టిన ఆర్మేనియన్. లెబనాన్ అంతర్యుద్ధం తట్టుకోలేక 1986లో లాస్ ఏంజెలెస్ చేరాడు. కాలేజీలో చేరే ముందు పొట్టకూటికి పిజ్జాలు అందించాడు, ఒక ఆర్మేనియన్ పత్రికకు వారఫలాలు రాశాడు. తర్వాత కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో సొంత ప్రయోగశాల పెట్టాక ఆయనా, బెర్ట్రాండ్ కోస్ట్ అనే యువ పరిశోధకుడూ ఈ తలుపు కోసం వేట మొదలుపెట్టారు. సన్నని గాజు గొట్టంతో పొడిస్తే విద్యుత్ పుట్టించే ఒక ఎలుక కణం దొరికింది. కారణం కావచ్చనుకున్న జన్యువులు 72 అని జాబితా రాసుకున్నారు. ఒక్కోదాని నోరు నొక్కేయడం, మళ్లీ పొడవడం, విద్యుత్ వచ్చిందా లేదా చూడటం. ఒకటోది నోరు నొక్కినా విద్యుత్ వచ్చింది. పదోది, యాభయ్యోది, డెబ్బై ఒకటోది నొక్కినా వచ్చింది. 72వ జన్యువును నొక్కినప్పుడు కణం మూగబోయింది. జాబితాలో అదే ఆఖరిది.

దానికి పియజో1 అని పేరు పెట్టారు. గ్రీకులో నొక్కడం అని అర్థం. వెంటనే దాని తోబుట్టువు పియజో2 దొరికింది. 2010లో ప్రకటించారు. మన మెత్తని స్పర్శకు ప్రధాన ద్వారం ఈ రెండోది. దీని ఆకారం మూడు రెక్కల సీలింగ్ ఫ్యానును గుర్తుచేస్తుంది. కణం పొరలో రెక్కలు వంగి పళ్లెంలా కూర్చుని ఉంటుంది. పొర సాగితే రెక్కలు చదునవుతాయి, నడుమ రంధ్రం తెరుచుకుంటుంది, విద్యుదావేశమున్న అయాన్లు లోపలికి దూకుతాయి. అమ్మ చేయి తల మీద పడినా, దోమ మోచేతి మీద వాలినా మొదట జరిగేది ఈ చిన్న ద్వారం తెరుచుకోవడమే.

2021లో నోబెల్ కమిటీ ఫోను చేసినప్పుడు అక్కడ అర్ధరాత్రి దాటింది. పటపూటియన్ ఫోను మోగకుండా పెట్టుకుని నిద్రపోయాడు. వాళ్లు చివరికి తొంభై దాటిన ఆయన తండ్రిని పట్టుకున్నారు. ఆ శుభవార్త కొడుక్కి చెప్పింది నాన్నే.

మిరపకాయ పట్టిచ్చిన మంట

ఆ నోబెల్‌లో సగం డేవిడ్ జూలియస్‌ది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన ఎంచుకున్న పనిముట్టు మనకు బాగా పరిచయం, మిరపకాయ. కారం తింటే నోరెందుకు మండుతుంది? మిరపలోని క్యాప్సైసిన్ ఏ ప్రొటీనును పట్టుకుంటోంది? నొప్పినాడుల జన్యు ముక్కలను, వాటిని ఎరగని కణాల్లోకి ఎక్కించి, మీద మిరప రసాయనం పోసి, ఏ కణం ఉలిక్కిపడుతుందో చూశారు. 1997లో ఆ ప్రొటీను దొరికింది. ఇప్పుడు దాని పేరు టీఆర్‌పీవీ1. ఆశ్చర్యం ఏమిటంటే అది మిరప కోసం పుట్టింది కాదు. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునే తలుపది. మిరపకాయ దొంగతాళం చెవి వేసి దాన్నే తీస్తోంది.

పొయ్యిలో ఉన్నదీ మంటే, కాలిన చేతిదీ మంటే, గుంటూరు మిరపకాయ కొరికిన నోటిదీ మంటే. తెలుగువాడు ఈ మూడింటికీ ఒకే మాట ఎప్పటి నుంచో వాడుతున్నాడు. మూడూ తట్టేది ఒకే తలుపని శాస్త్రం తేల్చింది 1997లో. మిరప మనకు పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది. అంతకుముందు మనల్ని మండించిన మిరియాలూ శొంఠీ కూడా ఈ ద్వారాన్నే తెరుస్తాయని తర్వాత తెలిసింది.

క్యాప్సైసిన్ నీటిలో కరగదు. అందుకే కారం నషాళానికి అంటినప్పుడు చెంబెడు నీళ్లు తాగినా లాభం ఉండదు. పెరుగన్నం పనిచేస్తుంది. అందులోని కొవ్వూ కేసీన్ అనే ప్రొటీనూ ఆ రసాయనాన్ని పట్టుకుని లాగేస్తాయి. ఇక మన రామచిలుక. పండుమిరపకాయను అంత ఇష్టంగా ఎలా కొరుక్కుతింటుంది? పక్షుల్లోనూ ఈ తలుపుంది, వేడికి తెరుచుకుంటుంది కూడా. కానీ క్యాప్సైసిన్‌కు తెరుచుకోదు. మిరప మొక్కకు ఇందులో లాభముంది. జంతువులు దవడపళ్లతో గింజలు నలిపేస్తాయి. పక్షులు గింజలను మింగి, ఎగిరిపోయి, ఇంకోచోట విసర్జిస్తాయి. కారం అనేది జంతువులకు పెట్టిన కంచె. ఆ కంచె దూకి మరీ ఆవకాయ పెట్టుకున్న జాతి మనది.

చలికి ఇంకో తలుపు. పేరు టీఆర్‌పీఎం8. వేడి తగ్గి ఇంచుమించు 26 డిగ్రీల కిందకు దిగితే తెరుచుకుంటుంది. పుదీనాలోని మెంథాల్ కూడా దీన్ని తెరుస్తుంది. 2002లో జూలియస్, పటపూటియన్ వేరువేరుగా కనుక్కున్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం అమ్మడం మొదలుపెట్టినప్పుడు ఈ సంగతి ఎవరికీ తెలియదు. నుదుట రాసుకుంటే చల్లగా ఉండేది, అంతే. అక్కడ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా తగ్గనక్కర్లేదు. చలి తీగ మోగితే చాలు.

గడప తగిలినప్పుడు

చీకట్లో వెళ్తుంటే కాలి బొటనవేలు గడపకు కొట్టుకుంటుంది. ముందు ‘తగిలింది’ అని తెలుస్తుంది. వెంటనే చురుక్కుమంటుంది. ఒక్క క్షణం ఏమీ ఉండదు, దెబ్బ తప్పిందేమో అనిపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది సలుపు. నిదానంగా, లోతుగా, వదలకుండా.

ఆ వరసకు కారణం తీగల మందం. స్పర్శ కబురు మోసే తంతువులు లావుగా, చుట్టూ కొవ్వు తొడుగుతో ఉంటాయి. వాటిలో సంకేతం సెకనుకు 35 నుంచి 75 మీటర్లు పరిగెడుతుంది. చురుక్కును మోసేవి సన్నవి, సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. సలుపును మోసేవి తొడుగు లేని నూలుపోగులు. సెకనుకు ఒక మీటరు అటూఇటూ, అంటే మనిషి నడక. బొటనవేలి నుంచి వెన్నుపాము దాకా ఆ కబురు నడిచి వస్తోంది కాబట్టే ఆ ఖాళీ క్షణం.

అప్పుడు మనం ఏం చేస్తాం? వేలిని పట్టుకుని గట్టిగా రుద్దుతాం. పిల్లవాడు పడితే తల్లి దెబ్బ తగిలినచోట రుద్ది ‘‘ఏం కాలేదు నాన్నా’’ అంటుంది. నిజంగానే తగ్గుతుంది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ దీనికో సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో గేటు లాంటిది ఉందనీ, లావు తీగల్లో స్పర్శ సంకేతాలు జోరుగా వస్తే నొప్పి సంకేతాలకు గేటు కొంత మూసుకుంటుందనీ. వివరాల్లో తర్వాత చాలా మార్పులు వచ్చాయి గానీ మూల ఆలోచన నిలిచింది. వెన్నుకు అమర్చి నొప్పి తగ్గించే విద్యుత్ పరికరాలు దాని మీదే పుట్టాయి. ఇదే మెల్జాక్ 1975లో, రోగులు నొప్పికి వాడే మాటలను ఏరి, వర్గాలుగా పేర్చి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. పొడిచినట్టుందా, లాగినట్టుందా, కాలినట్టుందా అని అడుగుతుంది. మాటను బట్టి బాధ మూలం కొంత పట్టుకోవచ్చన్నది ఆయన నమ్మకం. అమ్మ ఆయన దగ్గరకు వెళ్లుంటే చీటీ నిండిపోయేది.

నిమరడం

తెలుగులో తాకడానికి ఎన్ని క్రియలో! తట్టడం, తడమడం, రుద్దడం, గోకడం, గిల్లడం, అదమడం, నిమరడం. ఈ చివరిదానికి ఒంట్లో సొంత తీగ ఉంది.

సలుపును మోసే నిదానపు పోగుల పక్కనే, అంతే నిదానంగా నడిచే ఇంకో జాతి పోగులున్నాయి. వెంట్రుకలున్న చర్మంలో, అంటే వీపు, ముంజేయి, ముఖం మీద ఎక్కువ. వాల్‌బో, హోకన్ ఒలాసన్ వంటి స్వీడన్ పరిశోధకులు కుంచెతో వేరువేరు వేగాల్లో రాసి చూశారు. మరీ వేగంగా రాస్తే ఈ పోగులు పెద్దగా పలకలేదు. మరీ మెల్లగా రాసినా అంతే. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల మధ్య, చర్మమంత గోరువెచ్చని స్పర్శకు బాగా పలికాయి. అది సరిగ్గా పిల్లవాడి వీపు నిమిరే వేగం. స్పర్శను మోసే లావు నాడులన్నీ జబ్బుతో పోయిన ఒక స్త్రీ మీద 2002లో ప్రయోగం చేశారు. ముంజేయి మీద కుంచె ఎటు నుంచి ఎటు వెళ్లిందో ఆమె చెప్పలేకపోయింది. కానీ మెల్లగా రాసినప్పుడు లీలగా హాయిగా ఉందంది. తాకిన తీరు తెలియకపోయినా తాకిన ఆప్యాయత అందిందన్నమాట.

దురద గురించి రెండు ముక్కలు. అది చిన్న నొప్పి కాదు, దాని తీగలు దానివే. దోమ కుట్టినప్పటి దురదకు కారణం హిస్టమిన్, దానికి మాత్ర ఉంది. కానీ చర్మవ్యాధుల్లో, కిడ్నీ జబ్బుల్లో వచ్చే దురద చాలాసార్లు ఆ మాత్రకు లొంగదు. ఈ రెండో రకాన్ని అర్థం చేసుకోవడానికి విదేశీ ప్రయోగశాలలు వాడింది మన పొలాల గట్ల మీది దూలగొండి. కాయ మీది నూగులో ఉండే ఎంజైము హిస్టమిన్‌తో పనిలేకుండా దురద పుట్టిస్తుంది. బడిలో పంతులుగారి కుర్చీ మీద ఆ నూగు చల్లిన ఘనులు ఇది చదువుతుంటే, వారు చేసింది ఒక రకంగా పరిశోధనే.

గిలిగింత ఎవరికి వారు పెట్టుకోలేరు ఎందుకని? మన చేయి కదిలేముందే చిన్నమెదడు ‘ఇది నేనే’ అని కబురు పెట్టేస్తుంది, స్పర్శ చప్పబడుతుంది. లండన్‌లో 1998లో మెదడు స్కానుల్లో దీన్ని చూశారు.

చీకట్లో ముద్ద

భోజనం మధ్యలో కరెంటు పోతుంది. ఎవరూ చేయి ఆపరు. పప్పూ అన్నం కలిసిన ముద్ద తిన్నగా నోట్లోకే వెళ్తుంది, ముక్కుకో చెంపకో తగలదు. ఇది పంచేంద్రియాల్లో దేనికీ చెందని జ్ఞానం. కండరాల్లో, కీళ్లలో ఉండే గ్రాహకాలు ఏ అవయవం ఎక్కడుందో క్షణక్షణం చెబుతుంటాయి. వీటి తలుపు కూడా ప్రధానంగా పియజో2యే.

ఈ జన్యువు పుట్టుకతోనే పనిచేయని ఇద్దరిని 2016లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వైద్యులు పరీక్షించారు. కళ్లు తెరిచి ఉంటే తడబడుతూనైనా నడిచారు. గంతలు కట్టగానే నడక పోయింది, ఎదురుగా ఉన్న వస్తువును చేయి అందుకోలేకపోయింది. చర్మం మీద పెట్టిన శ్రుతిదండం కంపనం వాళ్లకు తెలియలేదు. గిచ్చితే మాత్రం నొప్పి తెలిసింది, వేడీ చలీ తెలిశాయి. అమ్మ జాబితాకు ఇంతకన్నా రుజువేం కావాలి? ఒక తలుపు మూసుకుపోయినా పక్క తలుపులు మామూలుగానే తెరుచుకుంటున్నాయి.

నొప్పి లేని చోటు

నొప్పి లేకుండా పుట్టడం వరమనుకుంటాం. పాకిస్తాన్‌లో ఒక కుర్రాడు వీధుల్లో చేతులకు కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి డబ్బులు సంపాదించేవాడు. వాడికి నొప్పి తెలియదు. ఇంటి కప్పు మీది నుంచి దూకి, పద్నాలుగో పుట్టినరోజు రాకముందే చనిపోయాడు. కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు ఇలా నొప్పి తెలియనివారున్న అక్కడి కుటుంబాల్లో కారణం వెతికి 2006లో ప్రకటించారు. నొప్పినాడుల్లో సోడియంను లోపలికి వదిలే ఒక ద్వారం చెడిపోయింది. దాని దాయాది ద్వారాన్ని మూసి నొప్పి తగ్గించే మందుకు 2025 జనవరిలో అమెరికా అనుమతి ఇచ్చింది.

మనకు దగ్గరి కథ వెల్లూరుది. తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల్లో వెల్లూరు వైద్య కళాశాలకు వచ్చాడు. కుష్ఠురోగుల వేళ్లు కుళ్లి రాలిపోతాయని అప్పటికి అందరి నమ్మకం. బ్రాండ్ గమనిస్తే మాంసం బాగానే ఉంది. చచ్చింది స్పర్శ. వేడి గిన్నె తెలియక పట్టుకుంటున్నారు, మేకు గుచ్చుకున్న కాలితోనే నడుస్తున్నారు. ఇంకా ఒక చిక్కుముడి మిగిలింది. రాత్రి పడుకునేటప్పుడున్న వేలి ముక్క కొందరికి తెల్లారేసరికి ఉండటం లేదు. కాపలా ఉండి చూస్తే ఎలుకలు! కొరుకుతున్నా మెలకువ రావడం లేదు. ఆ తర్వాత అక్కడి నుంచి ఇంటికెళ్లే రోగులకు పిల్లిని తోడిచ్చి పంపేవారు.

కుష్ఠు పాత కథ కాదు. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనే. ఆ సూక్ష్మజీవి చర్మంలోని నాడులను పట్టుకుంటుంది. అందుకే ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పుడు ‘‘ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఏదైనా ఉందా?’’ అని అడుగుతుంది. ముందే పట్టుకుంటే మందులతో పూర్తిగా నయమవుతుంది. ఆ మందులు సర్కారు ఉచితంగా ఇస్తుంది.

ఇంకో శత్రువు మరీ నిశ్శబ్దంగా వస్తుంది. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో షుగరున్నవారు 10 కోట్ల 10 లక్షలు. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే నాడులు కొసల నుంచి దెబ్బతింటాయి. పొడవైన నాడులకు ముందు దెబ్బ, అంటే పాదాలకు. మొదట తిమ్మిరి, మంటలు. దూదిమీద నడుస్తున్నట్టుందంటారు. కొన్నాళ్లకు మంటలు తగ్గుతాయి. ‘‘నయమైంది’’ అనుకుంటారు. నిజానికి మండే తీగ కూడా చచ్చిపోయి ఉండవచ్చు. నడుస్తుంటే చెప్పు జారిపోతుంది, నాలుగడుగులు వేశాక గానీ తెలియదు. వేసవి మధ్యాహ్నం గుడిలో చెప్పుల్లేకుండా ప్రదక్షిణలు చేస్తారు. ఇంటికొచ్చాక సాక్సులకో నేలకో రసి అంటితే తప్ప బొబ్బలు లేచిన సంగతి ఎరగరు.

పరీక్ష చాలా చవక. పది గ్రాముల బరువు దగ్గర వంగే నైలాను దారం ఒకటి, సెకనుకు 128 సార్లు కంపించే శ్రుతిదండం ఒకటి. మొదటిది లేత స్పర్శకు. రెండోది, 1831లో పచీని చూసిన ఉల్లిగింజలు ఇంకా వింటున్నాయో లేదో కనుక్కోవడానికి.

అమ్మను ఆ మధ్య ఇంకో డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. ఆమె జాబితా అంతా విని, అరికాళ్ల మంటల దగ్గర ఆపింది. ‘‘చెప్పు జారితే తెలుస్తోందా పెద్దమ్మా?’’ అంది. అమ్మ నా వంక చూసింది. డాక్టరమ్మ కళ్లు మూసుకోమని, తగిలినప్పుడల్లా ‘ఊఁ’ అనమని, దారం తీసింది. కుడికాలికి అమ్మ ఊఁ కొడుతూనే ఉంది. ఎడమ బొటనవేలి కింద దారం వంగింది. అమ్మ ఏమీ అనలేదు.

మీ ఇంట్లో షుగరున్న పెద్దవాళ్లుంటే ఈ పూట వాళ్ల అరికాళ్లు ఎత్తి చూడండి, వేళ్ల సందులతో సహా. ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ‘‘దారంతో పరీక్ష చేస్తారా డాక్టరుగారూ?’’ అని అడగండి. రెండు నిమిషాలు పడుతుంది.